మా యారాలి పళ్లెంల తీపి

పొద్దున చాయ్ మసులుతుండంగ మా యారాలి కొడుకు ఫోన్ చేసిండు. "పెద్దమ్మా, అమ్మ పోయింది" అన్నడు, అంతే. పొద్దుగాల నడవపోయిన దగ్గర మూర్ఛొచ్చి పడ్డదట, దవాఖానకు తీసుకపోయేలోపలనే అయిపోయిందట. నెల దాటింది. ఆమె నా తోటికోడలు, మా ఆయన తమ్ముని భార్య. కల్వకుర్తిల మా ఇండ్లు గోడకు గోడ. నా వంటింట్ల గిన్నె జారితే ఆ పక్క నుంచి "ఏమైందక్కా" అని వినపడేది. ఇప్పుడు గిన్నె పడితే పడ్డదే.

పోయినోళ్ల గురించి రాసేటప్పుడు అందరు దేవతలైతరు. మా యారాలు దేవత కాదు. వాకిలి ఊడ్చి చెత్తను నా గడప దిక్కే నెట్టేది. టీవీల సీరియల్ చూసుకుంట అందులోని గయ్యాళిని తిట్టేది, తిట్టినప్పుడల్లా ఒకసారి నా దిక్కు చూసేది. కానీ నేను వడ్డించింది ఏనాడూ కాదనలేదు. మక్తల్ దిక్కు నుంచి కొత్తకోడలై వచ్చిన నాడు వాళ్లమ్మ చెప్పి పంపిందట, పెద్ద యారాలు పెట్టింది పళ్లెంల మిగిలించొద్దని. ఆ మాటను నేను మర్యాద అనుకుని మురిసిన.

కొత్త జిల్లాలు అయిన ఏడాది ఆమెకు బీపీ ఉన్నదని తేలింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నడు. బడిల సైన్స్ చెప్పి రిటైరైన దాన్ని, హుకుంలు జారీ చేసే పని నాదే అనుకున్న. తొక్కులు బందు, అప్పడాలు బందు. ఉప్పు లేకుంటే రొట్టె దిగదు గదా అని సన్నబియ్యం బువ్వ పెట్టించిన. చప్పిడి నోటికి ఏదన్న రుచి ఉండాలె గదా అని పెరుగుల చక్కెర కలిపి ఇచ్చిన. పండుగ కాకున్నా రొట్టెల బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి గోడ మీద నుంచి అందించిన. నీకు షుగర్ లేదు, తిను అనేదాన్ని. మా దిక్కు లెక్క గిదే. బీపీ ఉన్నోళ్లకు ఉప్పు బందు, షుగర్ ఉన్నోళ్లకు తీపి బందు. నడుము చుట్టూ పెరుగుతుంటే ఒళ్లు చేసిందని సంబరపడ్డం.

తర్వాత తర్వాత ఆమెకు కండ్లు తిరుగుడు మొదలైతే పాలమూరు తీసుకపోయిన. అక్కడి డాక్టరమ్మ మా మనుమరాలి ఈడుది. రక్తనాళమంటే మోటరు పైపు లాంటిది, ఇరుకైతే ఒత్తిడి పెరుగుతది, గంతే గదా అని నేనే ఆమెకు పాఠం మొదలువెట్టిన. ఆ పిల్ల నవ్వలేదు. పైపు కాదమ్మా అన్నది. రక్తనాళం లోపల సన్నని పొర ఉంటదట, దానికి ప్రాణముంటదట. తిన్నంక ఇన్సులిన్ వచ్చి తడితే ఆ పొర నాళాన్ని జర వెడల్పు చేస్తదట. బీపీ ఉన్నోళ్లల్ల చానమందికి ఒళ్లు ఇన్సులిన్ మాట వినుడు తగ్గుతదట, అప్పుడు నాళం గూడ తెరుచుకోకుండ బిగుసుకుంటదట. రక్తంల చక్కెర ఇంకా పెరగకముందు నుంచే లోపల గిది నడుస్తుంటదని చెప్పింది. చక్కెర పరీక్ష చేపిస్తే అది కూడ మొదలైందని తేలింది.

నేను పెట్టిన తీపి వల్లనేనా అని అడిగిన. ఒక్కదాని వల్ల కాదమ్మా, వంశముంటది, బరువుంటది, నడక లేకపోవుడు ఉంటది అన్నది. పరీక్ష తప్పిన పిల్లల తల్లులకు నేను గూడ గట్లనే చెప్పేదాన్ని.

వచ్చేటప్పుడు బస్సుల నా మొఖం చూసి మా యారాలే నన్ను నవ్వియ్యబోయింది. "బీపీ, షుగరు మన లెక్కనే యారాండ్లే అక్కా. ఒకతి ఇంట్ల కాలువెట్టినంక రెండోది ఎన్ని రోజులు ఆగుతది?"

నేను నవ్వలేదు. రేపటి సంది తీపి బందు, నీకు కష్టమే, చిన్నప్పటి నుంచి ఇష్టం గదా అన్న.

ఆమె కిటికీ దిక్కు తిరిగింది. బయటికి చూసుకుంటనే మెల్లగ చెప్పింది. "నాకు తీపి ఎన్నడూ ఇష్టం లేదక్కా. నువ్వు పెడుతుంటివి, తింటుంటిని."

మరి ఏమిష్టమే నీకు అని అడగడానికే నాకు సిగ్గయింది. ఇన్నేండ్లు ఒక కంచం ముందర కూసున్న మనిషిని కొత్తగా ఏమని అడుగుతం? ఆమెనే చెప్పింది, నూనెల వేయించిన చల్లమిరపకాయ అని. ఇంక తినేది లేదులే అని నవ్వింది. ఆ తర్వాత ఆమె మందులు తప్పలేదు, పొద్దుమాపు నడిచింది. నేను గోడ మీద నుంచి ఏమీ అందియ్యలేదు. ఏమియ్యాలెనో తెల్వక మాటలు గూడ తగ్గిచ్చిన. అదొక తప్పు.

ఆమె పోయిన మూడో నాడు, కాకి ముట్టాలెనని విస్తరేసి పిట్టకు పెట్టేటప్పుడు, ఆమెకు ఇష్టమని చుట్టాలందరు తెచ్చిన్రు. లడ్డూలు, బొబ్బట్లు, చక్కెర పొంగలి. ఆమెకు తీపంటే ప్రాణమని ఊరంతా చాటింది నేనే గదా. విస్తరి నిండ తీపే. పోయినంక కూడ కాదనలేని మనిషిని చేసిన్రు.

నేను లోపటికి పోయి చల్లమిరపకాయలు వేయించిన. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని, ఉప్పు పొర తేలిన నల్లటి కాయలు తెచ్చి విస్తరి అంచున పెట్టిన. అందరి కండ్లల్ల నీళ్లే ఉండె, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. గోడ మీద కాకి వాలింది. అది విస్తరి మీదికి దిగేలోపలనే నేను తల తిప్పుకున్న. ముందుగాల దేన్ని ముట్టిందో నాకు తెల్వదు.