భూమవ్వ నీలి రొయ్య

భూమవ్వ దృష్టిలో చేపంటే పులుసు. అందుకే కొడుకు దేవేందర్ సిరిసిల్లలో అక్వేరియం దుకాణం పెడతానన్నప్పుడు ఆమెకు నమ్మకం కుదరలేదు. "తినని చేపల్ని ఎవలు కొంటర్ర?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది.

వాళ్లది తరతరాలుగా తాళ్లెక్కి కల్లు గీసిన ఇల్లు. భర్త భూమయ్య చెట్టు మీద ఉంటే, గంభీరావుపేటలో కల్లు పోసే పని భూమవ్వది. ఎవరికి ఇంకో ముంత పోయొచ్చో, ఎవరిని ఇక ఇంటికి తోలెయ్యాలో ముఖం చూసి చెప్పేది. ఆమె గొంతు లేస్తే పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. భూమయ్య జబ్బు చేసి పోయాక కొడుకు పట్టుబట్టి సిరిసిల్లకు తీసుకొచ్చాడు. ఇక్కడ ఆ గొంతుతో పని లేకుండా పోయింది. దుకాణంలో స్టూలు మీద కూర్చుని, వీధి చివర బట్టలు నేసే సాంచెల చప్పుడు వినడమే కాలక్షేపం.

కోడలు జ్యోతి జువాలజీతో డిగ్రీ చదివింది. సగం దుకాణం ఆమే నడిపేది. కొత్తలో ఒకసారి భూమవ్వ ముద్దుగా చేపలకు అన్నం మెతుకులు వేసింది. నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి. జ్యోతి ఒక్క మాట అనకుండా తొట్టి మొత్తం కడిగింది. ఆ అనకపోవడమే అత్తకు గుచ్చుకుంది. మళ్లీ తొట్ల జోలికి పోలేదు.

ఆ మధ్య దేవేందర్ హైదరాబాద్ నుంచి క్రేఫిష్ ఒకటి తెచ్చాడు. అరచేతి పొడవు, నెమలి మెడ రంగు, ముందర పట్టకార్లలాంటి రెండు పెద్ద కొండీలు.

"గిది రొయ్యనా, ఎండ్రికాయనా?" అని అడిగింది భూమవ్వ.

"రెండిటికీ సుట్టమే అవ్వా. అమెరికా జాతి. కోరుట్ల శశిధర్ రావు సారు అడిగిండు. ఆయినె వచ్చి కొంటపోయేదాంక మనకాడనే ఉంటది."

వేరే తొట్టిలో ఒంటరిగా వేశాడు. అది వచ్చీరాగానే పైపు ముక్క కింద రాళ్లన్నీ ఒక్కొక్కటే మోసి బయట పడేసి ఇల్లు చక్కబెట్టుకుంది. భూమవ్వ స్టూలు దగ్గరికి జరుపుకుంది. "పనిమంతురాలు" అంది తనలో తాను. జ్యోతిని అడిగి, ఉడికించిన తోటకూర ఆకు వేయడం మొదలుపెట్టింది. దానికి నీలి రొయ్య అని పేరు కూడా పెట్టింది.

కొన్నాళ్లకు నీలి రొయ్య ఆకు ముట్టడం మానేసింది. పైపులోంచి రాదు. భూమవ్వ బెంగపడి కోడల్ని పిలిచింది. జ్యోతి దీపం పట్టి తోక అడుగున చూసింది. జిగురు పూసినట్టు తెల్లగా మెరుస్తోంది.

"రోగం గాదు అత్తమ్మా. గుడ్లు పెట్టేటట్టున్నది. లోపల గుడ్లు మొదట తెల్లగుంటయి, పండినకొద్ది నల్లగైతయి. గప్పుడు గీ జిగురు ఊరుతది. తోక కింద గుడ్లు అంటుకునేతందుకు."

"మొగదేది మరి?"

"ఇక్కడికి రాకముందే కలిసుంటది. మొగదాని విత్తనాన్ని కడుపు కింద చిన్న తిత్తిల దాసుకుంటది. గుడ్లు పండినంకనే వాడుకుంటది."

భూమవ్వ పైపులోకి తొంగిచూసింది. "గా తిత్తేదో దేవుడు మనకు గూడ ఇస్తే, సగం జగడాలు తప్పుతుండె."

జ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. అత్తాకోడళ్లు కలిసి నవ్వడం ఆ ఇంట్లో అదే మొదలు.

గుడ్లు ఆవాల గుత్తిలా తోక కింద వేలాడాయి. తల్లి తోక కింది రెక్కలతో వాటికి ఎప్పుడూ నీళ్లు విసురుతూనే ఉంది.

మామిడికాయల కాలంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. దేవేందర్ చేపలు తీసుకుని జగిత్యాల పోయాడు. బ్యాటరీ పంపు అతని వెంటే ఉంది. కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. తొట్లలో గాలి బుడగలు కూడా ఆగాయి. ఎంతకీ కరెంటు రాలేదు. నీలి రొయ్య పైపు మీదికెక్కి నీటి అంచున పక్కకు ఒరిగి పడుకుంది. సగం ఒళ్లు బయటే ఉంది.

"సచ్చిపోతున్నదా?" భూమవ్వ తొట్టి మీదికి వంగింది.

"గాలి కోసం వచ్చింది. నీళ్లు తగ్గిద్దాం, గుడ్లకు గాలి తగులుతది."

జ్యోతి నీళ్లు తోడింది. భూమవ్వ ఇటుక ముక్క పెట్టి మెట్టు చేసింది. ఆపైన ఇద్దరూ చెంబులు పట్టుకుని ఒక్కో తొట్టిలో గాలి కలిసేలా నీళ్లు ముంచి ఎత్తి పోస్తూ తిరిగారు. చేతులు పడిపోయేలా పోశారు. పెద్ద గోల్డ్‌ఫిష్‌లు దక్కలేదు. జ్యోతి కళ్లు తుడుచుకుంటుంటే భూమవ్వ ఆమె చేతిలోని చెంబు తీసుకుని, "జరంత కూసో బిడ్డా" అంది. కోడల్ని బిడ్డా అని ఆమె అంతకుముందు పిలవలేదు. దీపాల వేళకు సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. నీలి రొయ్య మెల్లగా పైపులోకి దిగింది.

పిల్లలు గుడ్లలోంచి తల్లి పోలికలతోనే బయటికొచ్చి, కొన్నాళ్లు తల్లిని వదలకుండా వేలాడాయి. దిగాక కష్టం మొదలైంది. ఒకటి కుబుసం విడిచి మెత్తబడితే మిగతావి దాన్ని పీక్కు తినేవి. భూమవ్వ చూడలేకపోయింది. ఒక పొద్దున సగం పిల్లల్ని క్యానులో వేసుకుని, మానేరు వాగులో వదులుదామని బయల్దేరింది. తంగళ్ళపల్లి వంతెన మీద జ్యోతి స్కూటీతో అందుకుంది.

"అత్తమ్మా, వద్దు. గివి మన నీళ్లవి గావు. మన రొయ్యల్ని, చేప గుడ్లని తింటయి. ఒక్కసారి పోతే మల్ల పట్టలేం."

"మరి ఒకదాన్నొకటి తింటుంటే సూసుకుంట కూసోవాల్నా?"

"విడివిడిగ పెడదాం. ఎంత చాకిరైనా సరే, నేనున్న గద."

భూమవ్వ కిందికి చూసింది. మానేట్లో ఎవరో వల విసురుతున్నారు. ఆమె క్యాను ఒళ్లో పెట్టుకుని స్కూటీ ఎక్కింది.

ఆ వారమే గంభీరావుపేట పోయి, అటక మీది పాత కల్లు లొట్లు తెచ్చింది. భూమయ్య చెట్టుకు కట్టిన మట్టి కుండలవి. వాటిని పగలగొట్టే ముందు కొంచెంసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. పెంకులు తొట్లలో బోర్లించి ఒక్కో పిల్లకు ఒక్కో గూడు కట్టింది.

శశిధర్ రావు వచ్చి, తల్లి రొయ్యను ఇమ్మని భూమవ్వను అడిగాడు.

"తల్లిని ఇయ్య సారూ. పిల్లల్ని ఇస్త. ఏడ ఇడుస్తరు?"

"మా తోటల కుంట ఉన్నది గద."

"కుంట నిండితే గివి కాలువల పడుతయి. అద్దాల తొట్టి పెట్టుకున్నంక చెప్పున్రి, నేనే తెస్త." కల్లు పోసిననాటి గొంతు అది. ఆయన నవ్వి సరేనన్నాడు.

తొట్టి సిద్ధమైందని ఫోను రాగానే భూమవ్వ ఒక్కతే బస్సెక్కింది. వేములవాడలో బస్సు గుడి యాత్రికులతో నిండింది. పక్కన కూర్చున్న ఆడమనిషి క్యానులోకి తొంగిచూసింది.

"రొయ్యలా అవ్వా? ఎట్లిస్తవు?"

"కూరకు గాదమ్మా" అని భూమవ్వ క్యానును కాస్త దగ్గరికి తీసుకుని, కుబుసం సంగతి నుంచి మొదలుపెట్టింది. కోరుట్ల వచ్చేదాకా చెబుతూనే ఉంది.