అన్నమ్మ ఒకరోజు జీతం

సూర్యకుమారి బాపట్లలో ఒక తెలుగు మేష్టారి కూతురు. పందొమ్మిది వందల అరవై ఒకటిలో సర్వీసు కమిషను పరీక్ష రాసి, సొంత ఊళ్లోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరింది. ఆ ఆఫీసు మొత్తానికి ఆమె ఒక్కతే ఆడమనిషి. మొదటి రెండేళ్లూ తల వంచుకుని తపాలా రిజిస్టరు రాసుకుంది. పెద్ద గుమాస్తా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడేది. ఆ పిల్లను చూసి, ఆఫీసర్లు గది తలుపులు దగ్గరగా వేసుకునే రోజొకటి వస్తుందని ఎవరైనా చెబితే ఆ రోజుల్లో నవ్వేవాళ్లు.

ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది యుద్ధం తరవాత. అరవై ఐదులో యుద్ధం నడుస్తుండగా, కొండల మీద సిపాయిలు చలికి వణికిపోతున్నారని రేడియోలో విని, ఉద్యోగుల ఇళ్లల్లో ఆడవాళ్లందరినీ కూడగట్టింది. గుంటూరు నుంచి ఊలు తెప్పించి ఇల్లిల్లూ తిరిగి పంచింది. బాపట్ల ఉక్కపోతలో, ఒళ్లో ఊలు ఉండలు పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ అల్లారు వాళ్లు. కొందరు ఒక చెయ్యి పొడుగ్గా, ఇంకో చెయ్యి పొట్టిగా అల్లారు. నలభై ఒక్క స్వెట్టర్లు తయారయ్యాయి. ఆఫీసరుగారు వాటి పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, పంపిస్తానని తీసుకున్నారు.

మరుసటి వేసవిలో ఏదో పాత ఫైలు కావలసి సూర్యకుమారి రికార్డు గది తెరిపించింది. మూలన గోనె సంచుల్లో స్వెట్టర్లు మూటగట్టినవి మూటగట్టినట్టే ఉన్నాయి. పురుగు పట్టి, ఎలుకలు గూళ్లు పెట్టి, చెయ్యి వేస్తే పొడిపొడిగా రాలాయి. ఆ ఆఫీసరు అప్పటికే బదిలీ మీద ఎటో వెళ్లిపోయాడు. ఎవరిని అడగాలి? ఆ దుమ్ములో కూర్చుని కాసేపు ఏడ్చింది. లేచేటప్పటికి కళ్లల్లో నీళ్లు లేవు. ఒళ్లంతా మండుతోంది.

తరవాత రేపల్లెలో కొన్నాళ్లు పనిచేసి, డెబ్బై రెండులో తెనాలి వచ్చింది. భర్త సీతారామాంజనేయులు తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేవాడు. మెత్తని మనిషి. భార్య ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ రోజు ఎవరితో తగువు పడిందో చెప్పగలనని అనేవాడు.

డెబ్బై ఏడు నవంబరులో తుపాను వచ్చింది. శనివారం సాయంత్రం మొదలైన గాలి రాత్రంతా తెనాలిని ఊపి పారేసింది. సోమవారం ఆఫీసుకు వెళ్లేసరికి పైకప్పు పెంకులు సగం లేవు. తడిసిన ఫైళ్లు వరండాలో ఆరబెట్టి ఉన్నాయి. రేపల్లె వైపు నుంచి నడిచి వచ్చినవాళ్లు కబుర్లు చెబుతున్నారు. సముద్రం ఊళ్ల మీదకు వచ్చిందట. తుమ్మచెట్లకు మనుషులు వేలాడుతున్నారట.

మధ్యాహ్నం సూర్యకుమారి అందరినీ హాల్లోకి పిలిచింది.

"ఇష్టమున్నవాళ్లు ఇవ్వండి. లేనివాళ్లు ఇవ్వకండి, నేనేమీ అనుకోను. చీరలు, పంచెలు, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, ఏదైనా సరే. ఇచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా రాయం. ఎల్లుండికల్లా మనమే వెళ్లి పంచి వద్దాం" అంది.

రెండు రోజుల్లో మీటింగు గది నిండిపోయింది. ఆ నిండిన గదిని చూడటానికి ఆఫీసరు బసవేశ్వరరావు స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి, గొంతు పెంచి మాట్లాడడు.

"చాలా బాగుందండి సూర్యకుమారిగారూ. అయితే దీన్ని పద్ధతిగా చేద్దాం. అందరిదీ ఒకరోజు జీతం కూడా కలుపుదాం. మీరే కన్వీనరు. ఆదివారం మంత్రిగారు వస్తున్నారు, ఆయన చేతుల మీదుగా పంపిద్దాం."

"ఆదివారం దాకా ఎందుకండి? అక్కడ జనం ఒంటిమీద గుడ్డ లేకుండా ఉన్నారు."

"నాలుగు రోజులేగా. మంత్రిగారి చేత్తో వెళితే ఇంకో పది ఆఫీసులు చూసి ఇస్తాయండి. ఆలోచించండి."

ఆలోచించింది. పది ఆఫీసులు ఇస్తే పదింతల మందికి అందుతుంది కదా అనుకుంది. అక్కడే తప్పు చేసింది. ఆ తరవాత ఎన్నేళ్లు గడిచినా, ఎవరెంత సర్దిచెప్పినా, తనను తాను క్షమించుకోలేకపోయిన తప్పు అది. ఉద్యోగుల పేర్లన్నీ కావాలంటే, హాజరు పట్టీ ముందేసుకుని వరసగా ఎత్తి రాసింది. పైన "స్వచ్ఛందంగా ఇచ్చినవారు" అని బసవేశ్వరరావు చెప్పిన మాటే రాసింది. గదికి తాళం వేశారు.

ఆదివారం మంత్రిగారు రాలేదు. బుధవారమన్నారు. బుధవారమూ రాలేదు. మళ్లీ ఆదివారమన్నారు. "రేపల్లెకు ఎప్పుడు పంపిస్తారండీ?" అని సూర్యకుమారి రోజుకు రెండుసార్లు అడిగేది. "బ్యానరు కూడా రాయించామండి, కాస్త ఓపిక పట్టండి" అనేవాడు బసవేశ్వరరావు.

డిసెంబరు ఒకటో తారీఖు, జీతాల రోజు. పదకొండు గంటలప్పుడు స్వీపరు అన్నమ్మ వచ్చింది. తుపాను తరవాత ఆమె ఆఫీసుకు రావడం అదే మొదలు. వారమంతా తెనాలిలో కాలవగట్టు మీద అద్దె పాకలో ఉండి, శనివారం మధ్యాహ్నం రైల్లో రేపల్లె దాకా వెళ్లి, అక్కణ్ణుంచి సముద్రం వైపున్న తన ఊరికి పోతుండేది. ఆ శనివారమూ అలాగే పోయింది. ఇప్పుడు ఎవరిదో మగవాడి చొక్కా తొడుక్కుని, మోకాళ్ల కిందికి దిగని చీరముక్క చుట్టుకుని, హాలు గుమ్మంలో నిలబడింది. పాదాలు చెక్కుకుపోయి ఉన్నాయి.

"అమ్మ ఏమైంది అన్నమ్మా?" అని అడిగింది సూర్యకుమారి. ఆమెకు ముసలి తల్లి ఉందని తెలుసు.

"మూడో రోజు దొరికిందమ్మా. గాజుల్ని బట్టి గుర్తుపట్టా. ఇల్లు లేదు, గేదె లేదు. ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలీటం లేదు."

ఎవరో కుర్చీ జరిపారు. అన్నమ్మ కూర్చోలేదు. జీతం తీసుకుని, చేతిలో నోట్లు చూసుకుని, ఇచ్చినాయన్ని రెట్టించి అడగడానికి ధైర్యం చాలక మళ్లీ సూర్యకుమారి బల్ల దగ్గరికే వచ్చింది.

"రానన్నాళ్లకు కోశారు, అది నాకు తెలుసమ్మా. ఇంకొక రోజుది కూడా కోశారు. ఎందుకని అడిగితే తుపాను బాధితులకంట. తుపాను బాధితులంటే మేమే కదమ్మా? మా కోసం నా దగ్గరే వసూలు చేశారేంటి?"

దెప్పిపొడవడానికి అడగలేదు. అర్థం కాక అడిగింది. గోడకు అంటించిన జాబితాలో, తన చేతిరాతతో, చివరి వరసలో అన్నమ్మ పేరు సూర్యకుమారికి కనిపిస్తూనే ఉంది. అన్నమ్మ వీపు వెనకే మీటింగు గది. తాళం. ఆ తాళం వెనక గది నిండా చీరలు.

సూర్యకుమారి కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచింది. తలుపు తట్టకుండా ఆఫీసరు గదిలోకి వెళ్లింది.

"అన్నమ్మకు ఒకరోజు జీతం కోశారు సార్."

"అందరికీ కోశాం కదండీ. జాబితా మీరే కదా రాసింది?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. అయినా తగ్గలేదు.

"రాశాను. బుద్ధిలేక రాశాను. ఇప్పుడు కొట్టెయ్యమని చెప్పడానికొచ్చాను."

"కొట్టేస్తే ఎట్టాగండీ? జిల్లాలో నూటికి నూరుమంది ఇచ్చిన ఆఫీసు మనదొక్కటే. ఒక్క పేరు తగ్గినా ఆ మాట పోతుంది. ఆమెకు కష్టం వచ్చిందంటారా, తహసీల్దారుగారికి దరఖాస్తు పెట్టుకోమనండి. దానికీ దీనికీ సంబంధం లేదు."

"తల్లి శవాన్ని గాజుల్ని బట్టి గుర్తుపట్టిన మనిషి సార్ ఆవిడ! ఒంటిమీద చీర లేదు. పక్క గదిలో మూటలు మూటలు మగ్గిపోతున్నాయి. ఆ తాళంచెవి ఇవ్వండి."

"ఆదివారం దాకా..."

"ఏ ఆదివారం? చచ్చినవాళ్లకు పెద్దదినాలు కూడా అయిపోతున్నాయి. మీ మంత్రిగారి ఫొటో కోసం బతికున్నవాళ్లు చలికి చావాలా?"

హాలంతా వినిపించింది. బసవేశ్వరరావు మొహం నల్లబడింది. "మీరు హద్దు దాటుతున్నారు. బయటికెళ్లండి" అన్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

బయటికొచ్చి హెడ్ గుమాస్తా సాంబశివరావు దగ్గర నిలబడింది. రిటైరవడానికి ఏడాదిన్నర ఉన్న పెద్దాయన. తాళంచెవి ఆయన సొరుగులోనే ఉంటుంది. "నా వల్ల కాదమ్మాయ్, పెన్షను కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి" అని కళ్లు దించుకున్నాడు. ఆయన మీద కూడా మండిపడింది. తరవాత అటెండరు జ్ఞానానందాన్ని పిలిచి, "తలుపు గడియ మరలు ఊడదీస్తావా? అడిగితే నేను తియ్యమన్నానని చెప్పు" అంది. జ్ఞానానందానిది చీరాల దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు. తాళం తాళంగానే ఉంది, గడియ ఊడి వచ్చింది.

మొదటి మూట విప్పి, బాగున్న చీర ఒకటి తీసి అన్నమ్మ భుజాన వేసింది. ఆ తరవాత మూటలు బయటికి మొయ్యడం మొదలుపెట్టింది. కొందరు లేచి వచ్చి అందుకున్నారు. కొందరు ఫైళ్లల్లోంచి తలెత్తలేదు. వాళ్లెవరెవరో చూసి మరీ గుర్తుపెట్టుకుంది. రాఘవయ్య అని బియ్యం మిల్లు ఆయన, సూర్యకుమారి నాన్న మేష్టారి దగ్గర చదువుకున్నవాడు, కబురు పెట్టగానే లారీ పంపాడు. ముందు సీట్లో అన్నమ్మా సూర్యకుమారీ, వెనక మూటల మీద జ్ఞానానందం, మరో నలుగురు.

రేపల్లె దాటాక రోడ్డు రోడ్డులా లేదు. ఎక్కడ ఆగాలో అన్నమ్మే చెప్పింది. ఎవరికి ఏం కావాలో కూడా ఆమే చెప్పింది. జనం కొట్టుకోలేదు, అరవలేదు. బురదలో వరసగా కూర్చున్నారు. మూటలు విప్పుతుంటే సూర్యకుమారికి ఇంకో మంట. మంచి చీరల మధ్య చంకలు చినిగిన చొక్కాలు, కిరసనాయిలు కంపు కొట్టే కర్టెను, గుండీలు లేని జాకెట్లు. ఒక మూటలో మెడకు కట్టుకునే టై ఉంది. దాన్ని ఒక ముసలమ్మ పైకెత్తి చూసి, "ఇదేంటమ్మా? కట్టుకోవాలా, దీంతో ఉరేసుకోవాలా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సూర్యకుమారి నవ్వలేకపోయింది. ఆ టైలు కట్టుకునేది తమ ఆఫీసులో ఎవరో ఆమెకు తెలుసు.

తెచ్చినవి సగం మందికి కూడా చాలలేదు.

నాలుగో రోజున మెమో వచ్చింది. ప్రభుత్వ తలుపు ధ్వంసం చేసినందుకు, పై అధికారిని అవమానించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. "తలుపుకు ఏమీ కాలేదు, మరలు నాలుగూ తిరిగి బిగించాం. రెండోది నిజమే" అని రాసిచ్చింది. ఇంక్రిమెంటు ఆపి, రేపల్లెకు బదిలీ చేశారు. మంత్రిగారు చివరికి రానే లేదు. నూటికి నూరుమంది చేత ఇప్పించినందుకు బసవేశ్వరరావుకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి గదిలో పెట్టుకున్నాడని విని, ఆ రోజు సూర్యకుమారి అన్నం ముట్టలేదు.

రేపల్లె వెళ్లేముందు తన డబ్బులోంచి ఒకరోజు జీతం అన్నమ్మ చేతిలో పెట్టబోయింది. అన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరెందుకివ్వాలమ్మా? కోసిందెవరో వాళ్లే ఇయ్యాలి. నేను ఇస్తానన్నానా? నన్నడిగారా? అడిగితే ఇచ్చేదాన్నేమో. అడగలేదు."

ఆ మాటతో సూర్యకుమారి కోపానికి ఒక దారి దొరికింది. అన్నమ్మ చెబుతుంటే అర్జీ రాసింది. సీతారామాంజనేయులు మూడు కాపీలు టైపు కొట్టాడు. అన్నమ్మ వేలిముద్ర వేసింది. జవాబు లేదు. మూడు నెలలకు ఇంకొకటి. ఈసారి ఇద్దరూ గుంటూరు వెళ్లి, పెద్దాఫీసు వరండాలో సాయంత్రం దాకా నిలబడి ఇచ్చి వచ్చారు. అక్కడి గుమాస్తా కాగితం చూసి, "ఒక్క రోజు జీతానికి ఇంత గొడవేంటమ్మా? బస్సు చార్జీలకే అంతకంటే ఎక్కువయ్యుంటుంది" అన్నాడు.

"అయింది. అందుకే వదలం" అంది సూర్యకుమారి.

రేపల్లె ఆఫీసులో ఆమె ఉండగా సిపాయిల జెండాల రోజని, కరువని, వరదని చందాలు చాలాసార్లు వచ్చాయి. జాబితా తెచ్చి బల్ల మీద పెడితే, "ముందు స్వీపర్ని అడిగారా? అటెండర్ని అడిగారా? వద్దన్నవాళ్ల పేరు రాసుకొచ్చారా?" అని నిలదీసేది. ఆమె ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవరి సంతకం లేకుండా ఎవరి జీతమూ కొయ్యలేదు. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన, "మంచి పనికి కూడా ఇంత కోపమేంటండి మీకు?" అని అడిగాడు. "మంచి పనని చెప్పి చేసేవాటి మీదే సార్ నాకు కోపం" అని వెళ్లిపోయింది.

డెబ్బై తొమ్మిది వేసవిలో అయిదో అర్జీకి జవాబు వచ్చింది. ఆ ఆదివారం సూర్యకుమారి దాన్ని పట్టుకుని అన్నమ్మ ఊరు వెళ్లింది. కొత్తగా వేసుకున్న పాక ముందు అన్నమ్మ చేపలు ఎండబెడుతోంది. సూర్యకుమారి నిలబడే చదివింది. నిధికి జమ అయిన మొత్తమును తిరిగి చెల్లించు నిబంధన లేనందున తదుపరి చర్య అవసరము లేదని.

"అంటే ఏంటమ్మా?"

"ఇవ్వరంట."

అన్నమ్మ కాకిని అదిలించి, చేతులు చీరకు తుడుచుకుంది.

"వాళ్లకు పైన ఇంకెవరున్నారు?"

"హైదరాబాదులో ఉంటారు."

"అయితే వాళ్లకు రాయండి" అని, లోపలికెళ్లి సూర్యకుమారి కూర్చోవడానికి పీట తెచ్చి వేసింది.