నిద్ర పుస్తకానికి పరీక్ష

"అసలు నీకు పిల్లలున్నారా?" అని ఒక పెద్దమనిషి కౌంటరు మీద చెయ్యి చరిచి అడిగాడు.

"లేరండి," అన్నాడు మామయ్య. "ఉంటే ఇన్ని పుస్తకాలు చదివే తీరిక ఎక్కడిది?"

పెద్దమనిషి పిల్లల పెంపకం మీద పుస్తకం కొనడానికి వచ్చాడు. డబ్బు చేతిలో ఉంది. పుస్తకం ఎదురుగా అరలో ఉంది. మధ్యలో మామయ్య ఉన్నాడు. పుస్తకానికి ఎర్రదారం కట్టి ఉంది. దారం ఉందంటే దాన్ని మామయ్య ఇంకా పరీక్షించలేదని అర్థం. పరీక్షించని పుస్తకాన్ని ఆయన చచ్చినా అమ్మడు. మందుల షాపువాడు కూడా ఇంత పట్టింపుగా ఉండడు.

ఆయనకున్న చాదస్తం ఇదొక్కటే. మిగతా విషయాల్లో అందరిలాంటివాడే. చిల్లర లెక్క తప్పుతాడు, గొడుగు ఎక్కడో మరిచిపోయి ఇంకెవరిదో తెచ్చుకుంటాడు. పెంపకం పుస్తకం కొత్తగా వచ్చిందంటే మాత్రం మనిషి మారిపోతాడు. అందులోని ప్రతి సలహానూ ఎవరో ఒకరి మీద ప్రయోగించి, పనిచేస్తుందని తేలాకే దారం కత్తిరిస్తాడు. ఇంట్లో పిల్లలు లేరు కనుక ప్రయోగాలన్నీ పెద్దవాళ్ళ మీదే. వీధిలో ఆయన్ని పరీక్షాధికారి అంటారు. దుకాణం నడిపే మేనకోడలు ఏమంటుందో రాయకపోవడం మర్యాద.

పిల్లలు దేవుళ్ళతో సమానమని ఉపన్యసించేవాళ్ళకు లోటు లేదు. వాళ్ళలో ఒక్కరైనా ఒక దేవుడి ముక్కు తుడిచిన దాఖలా లేదు. తుడిచేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు దిక్కుతోచక పుస్తకాలు కొంటారు. ఆ దుకాణంలో తక్కిన అరలన్నీ దుమ్ముకు ఆశ్రయమిస్తుంటే ఈ ఒక్క అర కోసమే జనం మెట్లెక్కేవారు. మేనకోడలి జీతం ఆ అర మీద ఆధారపడి ఉంది. ఆ అర నిండా ఎర్రదారాలు.

"శ్రమను మెచ్చుకోండి, ఫలితాన్ని కాదు" అని ఒక పుస్తకంలో ఉంది. ఫ్యాను బాగుచెయ్యడానికి కరెంటు మేస్త్రీ వచ్చాడు. నిచ్చెన మీద చాలాసేపు కుస్తీ పట్టాడు. ఫ్యాను తిరగలేదు.

"తిరగకపోతేనేం నాయనా, నువ్వు పడ్డ కష్టం నాకెంతో నచ్చింది," అన్నాడు మామయ్య.

మేస్త్రీ కళ్ళు చెమర్చాయి. కూలి తీసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంతవరకూ అతన్ని అలా మెచ్చుకున్నవాడు లేడట.

"ఆఖరి పేజీ పాసైంది," అంటూ మామయ్య దారం కత్తిరించాడు.

"ఫ్యాను ఫెయిలైంది," అంది మేనకోడలు అట్టముక్కతో విసురుకుంటూ.

"పిల్లలకు ఆజ్ఞలివ్వకండి, రెండు దారులు చూపించి ఎంచుకోమనండి" అన్నది మరో పుస్తకం. అద్దె కోసం ఇంటి యజమాని వచ్చాడు.

"వచ్చే వారం తీసుకుంటారా, ఆ పై వారం తీసుకుంటారా? నిర్ణయం పూర్తిగా మీదే," అన్నాడు మామయ్య ఎంతో గౌరవంగా.

యజమాని గడ్డం నిమురుకున్నాడు. ఆలోచించాడు. "వచ్చే వారమే ఇవ్వాలి, ఇందులో మొహమాటం లేదు," అని గట్టిగా చెప్పి, గెలిచినవాడిలా బయటికి నడిచాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక ఏదో తట్టినట్టుంది, గిరుక్కున తిరిగి పరుగు లాంటి నడకతో వచ్చాడు. అప్పటికే మామయ్య దారం కత్తిరించేశాడు. సగం అద్దె మేనకోడలు తన సంచీలోంచి ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆమె కూడా తప్పించుకోలేదు. ఒకరోజు దుకాణం తెరిచేసరికి గోడ మీద ఆమె పేరుతో ఒక పట్టిక, అందులో బంగారు రంగు నక్షత్రం.

"ఏంటిది మామయ్యా?"

"వేళకు వచ్చావుగా తల్లీ. ప్రోత్సాహం."

"నాకు ముప్ఫై దాటాయి."

"అందుకే పెద్ద నక్షత్రం తెచ్చాను."

ఆమె పళ్ళు నూరింది. పట్టిక చింపేస్తానంది. చింపలేదు. ఆ వారంలో ఒకరోజు నక్షత్రం పడకపోతే మాత్రం, ఎందుకు పడలేదని సాయంత్రం దాకా పోట్లాడింది.

ఇవన్నీ ఒక ఎత్తు, నిద్ర పుస్తకం ఒక ఎత్తు. పసిపిల్లలను రాత్రిపూట ఎలా నిద్రపుచ్చాలో చెప్పే పుస్తకమది. ఎర్రటి కళ్ళతో తల్లులు, వాళ్ళ వెనక గడ్డం మాసిన తండ్రులు వచ్చి అడిగేవారు. మామయ్యది ఒకటే మాట: "ఇంకా పరీక్షలో ఉందండి." వారాలు గడిచాయి. మేస్త్రీని నిద్రపుచ్చి చూడలేదు, యజమానిని జోకొట్టలేదు. ఏ పరీక్షా జరుగుతున్నట్టు కనపడదు, కట్టలో ఒక్క పుస్తకానికీ దారం మాత్రం ఊడదు.

ఆఖరికి పుస్తకాలు సరఫరా చేసే పంపిణీదారు ఫోన్ చేశాడు. "చూడమ్మా, నా సరుకు నీ దగ్గర తాళ్ళు కట్టుకుని కూర్చుంది. రేపు వ్యాను తెస్తున్నా. అర మొత్తం ఖాళీ చేసి ఎదురుగా ఉన్న పెద్ద షాపుకిచ్చేస్తా. నువ్వేమీ అనుకోవద్దు."

అనుకోకుండా ఎలా ఉంటుంది? ఆ అర పోతే దుకాణంలో మిగిలేది దుమ్ము, మామయ్య, చెల్లించవలసిన అద్దె.

"కనీసం ఆ నిద్ర పుస్తకమన్నా వదులు మామయ్యా. ఆ ఒక్కటి అమ్మితే గట్టెక్కుతాం."

"పరీక్ష పూర్తికానిదే ఎలా అమ్మను తల్లీ?"

"పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం," అంది ఆమె.

"నువ్వు ముందు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిను. హడావుడిగా తింటే ఒంటికి పట్టదు, పుస్తకంలో ఉంది," అన్నాడు ఆయన. కొన్నాళ్ళుగా ప్రతి మధ్యాహ్నం ఇదే పాట. ఆమెను ఇంటికి తరిమి, షట్టరు సగానికి దించుకునేవాడు. కునుకు తీస్తున్నాడని ఆమె నమ్మకం.

మర్నాడు ఆమె అన్నం సగంలో లేచింది. పంపిణీదారు సాయంత్రం వస్తానన్నవాడు మధ్యాహ్నమే వచ్చి, వ్యాను పక్కన నిలబడి ఫోన్ చేశాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరారు.

మామయ్య అరల మధ్య పచార్లు చేస్తున్నాడు. భుజం మీద ఒక పసిపాప. మరో చేతిలో నిద్ర పుస్తకం తెరిచి ఉంది. అందులోని మూడో అధ్యాయాన్ని, ఫుట్‌నోట్లతో సహా, జోలపాట రాగంలో చదువుతున్నాడు. వెనక గదిలో పాత పత్రికల కట్టల మీద ఒక యువతి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నాలుగిళ్ళవతల బట్టలు కుట్టే అమ్మాయి. చెప్పులు కూడా విప్పలేదు.

మేనకోడలు నోరు తెరవబోయింది. మామయ్య పుస్తకంతో సైగ చేశాడు. ఆమె గుసగుసగా కేకలేసింది. అది ఎలా సాధ్యమో ఆమెకే తెలియాలి.

"ఎవరీ పిల్ల?"

"పరీక్షకు తెచ్చుకున్నాను. నిద్ర పుస్తకం కోసం వచ్చిందమ్మా ఈ అమ్మాయి. నిలబడే తూగుతోంది. పసిబిడ్డ లేకుండా ఈ పరీక్ష చెయ్యలేను, కాసేపు మీ పాపనిచ్చి కూర్చోండి అన్నాను. కూర్చుంది. అంతే, ఒరిగిపోయింది. అప్పట్నుంచి రోజూ వస్తోంది."

"ఇన్ని వారాలా? ఎప్పటికవుతుంది నీ పరీక్ష?"

"మొదటి రోజే అయింది. పుస్తకం ఫెయిల్. ఒక్క ముక్క పనిచెయ్యదు. పాపకు కావలసింది భుజం."

"మరి ఆ మాట చెప్పొచ్చుగా."

"చెబితే రేపు ఎందుకొస్తుంది? ఊరికే పడుకోమంటే పడుకుంటుందా, మొహమాటం. పాసైందని చెప్పాననుకో, కొనుక్కుపోయి చదువుతూ కూర్చుంటుంది. అసలే ఆ పిల్లకు నిద్ర లేదు."

మేనకోడలు వెనక గదిలోకి వెళ్ళి ఆ అమ్మాయి చెప్పులు మెల్లిగా విప్పి వచ్చింది. పంపిణీదారు మాత్రం కరగలేదు. "అదంతా నాకనవసరం పెద్దాయనా, నా పెట్టెలు..." అని గొంతు పెంచాడు. పాప కదిలింది, పెదవి విరిచింది. మామయ్య కంగారుగా, "ఇలా పట్టుకోండి, చెయ్యి లాగేస్తోంది," అని పాపను అతని భుజం మీదికి చేర్చాడు. అతను పెట్టెలు మొయ్యడానికి చాచిన చేతులు అలాగే పాప చుట్టూ బిగుసుకున్నాయి. పాప అతని చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసింది.

మామయ్య ఎంతో గౌరవంగా అడిగాడు: "అర ఇప్పుడే తీసుకెళ్తారా, పాప లేచాక తీసుకెళ్తారా? నిర్ణయం పూర్తిగా మీదే."

పంపిణీదారు ఆలోచించాడు. "లేచాకే," అని గొణిగాడు.

పాప లేవలేదు. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు, మూడోసారి కొడితే మేనకోడలు వెళ్ళి తిట్టింది. అతను అలిగి టీకి పోయాడు. పంపిణీదారు అలా నిలబడే, అటూ ఇటూ ఊగుతూ, తన ఇంటి సంగతి బయటపెట్టాడు. మనవరాలు పుట్టింది. పగలంతా నిద్ర, రాత్రంతా కచేరీ. కూతురు ఏడుస్తోంది. తను అమ్మే పుస్తకమే అయినా ఏనాడూ తెరిచి చూడలేదు. పసిబిడ్డను ఎత్తుకోవడం కూడా ఇదే మొదటిసారి. మగవాళ్ళకు చేతకాదని ఇంట్లో ఎవరూ ఇవ్వలేదట, అతనూ అడగలేదట.

పొద్దు వాలాక కుట్టుపని అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. జుట్టు సర్దుకుంటూ వచ్చి పాపను అందుకుంది.

"పరీక్ష అయిపోయిందాండీ?" అంది భయంభయంగా.

జవాబు మేనకోడలు చెప్పింది. "ఇంకా బోలెడు అధ్యాయాలున్నాయమ్మా. రేపు ఇదే వేళకు తీసుకురా. ఈయన చదవడం చాలా నెమ్మది."

అర కదల్లేదు. ఇంకో నెల చూస్తానని పంపిణీదారు ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మేనకోడలు కత్తెర పట్టుకుని, నిద్ర పుస్తకాల కట్ట ఒక్కటి వదిలి, తక్కిన దారాలన్నీ కత్తిరించి పారేసింది. ఆ రోజు పట్టికలో రెండు నక్షత్రాలు పడ్డాయి.

కట్టలో ఒక కాపీ మాత్రం తగ్గింది. మామయ్య వద్దంటున్నా పంపిణీదారు దాన్ని దారంతో సహా కూతురి కోసం పట్టుకుపోయాడు. దాని మీద దుకాణం కమీషను ఇంకా రావాలి.