దొరసాని గౌనుకు పసుపు బొట్టు

ఆ గౌను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట లెక్చరరమ్మ మీద సగం, నా మీద సగం.

మలేషియాలోని క్లాంగ్‌లో జాకెట్లు కుట్టుకునే నా దగ్గరికి సైబర్‌జయ నుంచి ఒక కాలేజీ లెక్చరరమ్మ ఏదో బొమ్మ పట్టుకొచ్చింది. ఐదువందల ఏళ్ళనాటి ఇటలీ చిత్రమట. అందులో దొరసాని తొడుక్కున్న ఆకుపచ్చ వెల్వెట్ గౌను అచ్చం అలాగే కావాలంది. నచ్చితే కాలేజీ నాటకాల బట్టలన్నీ నాకే ఇస్తానంది. నెల రోజులు దానితో కుస్తీ పట్టాను. బొమ్మలో వీపు కనబడదు, వెనక ఎలా ఉంటుందో నేనే ఊహించుకోవాలి. చేతులు భుజానికి కుట్టినవి కావు, తాళ్ళతో కట్టినవి. నాలుగు వీడియోలు చూసినా నాకు అంతుపట్టని ఆ సంగతి మా అమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఒక్క చూపులో చెప్పేసింది. లోపల వేసుకునే తెల్ల అంగీకి కుచ్చులన్నీ ఆవిడే చేత్తో కుట్టింది.

పనయ్యాక ఆ అంగీ అంచు లోపలివైపు పసుపు బొట్టు పెట్టింది. మా ఇంట్లో పసుపు పెట్టకుండా కొత్త బట్ట ఎవరి ఒంటి మీదికీ వెళ్ళదు.

"ఎవులు ఏసుకుంటే ఏటి, కొత్త గుడ్డే గదా" అంది.

అప్పగించడానికి ఇద్దరం వెళ్ళాం. అమ్మకు కాస్త చెవుడు, గది చివర కుర్చీలో కూర్చుంది. లెక్చరరమ్మ కుట్టు చూద్దామని అంచు తిరగేసి, ముక్కు చిట్లించి, "ఇదేంటి, కూర మరకా? తింటూ కుట్టారా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఈ దేశంలో పుట్టి నాసి కందార్ కూరన్నం తిని పెరిగిన మనిషికి పసుపు తెలియదా? నోట్లో మన్ను పడ.

మరి నేనేమన్నాను? "సారీ లా, కూరే. ఉతికేస్తాను" అన్నాను ఇక్కడి ఇంగ్లీషు యాసలో. నాటకాల బట్టలు చేజారిపోతాయని భయం. ఇంట్లో మాత్రం నన్ను మించిన నోరుగలది లేదు.

కారెక్కాక అమ్మ అడిగింది. "ఆయమ్మ వంగి పసుపే సూసినాది గదా. ఏటన్నాది?"

"బాగుందన్నాది."

"మంచి మనిషి. మన పద్ధతి తెలిసినాది. ఇకమీదట ఆ కాలేజీ బట్టలన్నిటికీ నానే పెడతాను."

పని నాకే వచ్చింది. అమ్మ అన్నంత పనీ చేస్తోంది. ఆవిడ స్నానానికి వెళ్ళగానే నేను సబ్బు తీస్తాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. అది పోయేదాకా నన్ను నేను తిట్టుకుంటూ రుద్దుతాను.