ఎదుటివాడి కోసం గ్రాఫిక్స్ కార్డు

2023 ఎండాకాలం. విశాఖపట్నం ద్వారకానగర్ వెనక వీధిలో నా దుకాణం. దుకాణమంటే ఒక గది, పొడవాటి బల్ల, గోడకు వేలాడే పనిముట్లు, బల్ల చివర సింహాద్రి అప్పన్న పటం. విడిభాగాలు తెప్పించి, ఎవరికి కావలసినట్టు వాళ్లకు కంప్యూటర్ బిగించి ఇవ్వడం నా పని. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదని అమ్మే ఇంట్లో కూచోబెట్టి చదువు చెప్పింది. తరవాత మా మేనమామ పాడైపోయిన కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇంట్లో పడేస్తే, దాన్ని విప్పడం, మళ్లీ బిగించడంతో ఈ విద్య అబ్బింది. అంచేత నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డ ప్రతి మనిషినీ దేవుడే పంపాడనుకుంటాను. అలా వచ్చినవాళ్లలో నూకరాజును మరిచిపోలేను.

ఒకరోజు మధ్యాహ్నం తల్లితో కలిసి వచ్చాడు. తల్లి పేరు ముత్యాలమ్మ. సముద్రం ఒడ్డున జాలారిపేటలో ఇల్లు, చేపలమ్ముతుంది. అతనికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. రుషికొండలో ఒక కాల్ సెంటర్‌లో ఉద్యోగం. చేతిలో తెల్ల కర్ర. పుట్టుకతోనే చూపు లేదు.

“గేమింగ్ కంప్యూటర్ కావాలండి,” అన్నాడు. “సిన్నది. బుజానికి తగిలించుకుని బస్సెక్కీలాగుండాలి. ఒక సెయ్యి కర్రకి కావాలి, ఇంకో సెయ్యి బస్సు రాడ్డుకి కావాలి. మూడోది దేవుడివ్వనేదు.”

నేను ముత్యాలమ్మ వైపు తిరిగి, “ఎవరు ఆడతారమ్మా?” అని అడిగాను.

“నన్నడుగుతావేటి తల్లీ? ఆడికి కళ్లు నేవు గానీ నోరు బోలెడున్నాది. ఆణ్ణే అడుగు,” అంది.

నాకు మొహం చెల్లలేదు. నూకరాజు మాత్రం నవ్వేశాడు. “అందరూ అలగేనండి. హోటల్లో కూడా ‘బాబు ఇడ్లీ తింటాడా’ అని మాయమ్మనే అడుగుతారు.”

అతను ఆడేది ఫైటింగ్ గేమ్. ఇద్దరు యోధులు తెర మీద ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు, ఆడే ఇద్దరూ ఒకే తెర ముందు పక్కపక్కన కూచుంటారు. ప్రతి దెబ్బకూ ఒక శబ్దం, ప్రతి గెంతుకూ ఒక శబ్దం. ఎదుటివాడు ఎడమన ఉంటే ఎడమ చెవిలో, కుడికి దూకితే కుడి చెవిలో వినిపిస్తుంది. నూకరాజుకు ఆ శబ్దాలే చూపు. ఎలా సాధ్యమా అని నేనింకా ఆలోచిస్తూంటే, “ఓ ఆట ఆడదాం రండి,” అన్నాడు. దుకాణంలో ఉన్న మెషిన్ మీద మొదలుపెట్టాం. నా బొమ్మ లేచి నిలబడితే ఒట్టు. ఒకపక్క నన్ను చావగొడుతూనే, రాత్రికి వంజరం చేప వండాలా వద్దా అని తల్లితో తగువు పడ్డాడు.

అంతలో హఠాత్తుగా ఆపి, చెవి కంప్యూటర్ వైపు తిప్పాడు. “ఈ ఫ్యానేటండి, నిమిషానికో పాట పాడతన్నాది?”

లోపల వేడి పెరిగితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఏ వేడికి ఎంత వేగమో మేమే ముందుగా నిర్ణయించి పెడతాం, దాన్ని ఫ్యాన్ కర్వ్ అంటాం. ఆ సంగతి చెప్పి, చప్పుడు లేని ఫ్యాన్లు వేస్తానులే అన్నాను.

“సప్పుడుంటే పరవానేదండి. మారకూడదు. మా ఇంటెనకాలే సముద్రం. పుట్టిన కాణ్ణించి ఇంటన్నాను కదా, ఇప్పుడు ఇనపడదు. గాలి మారిందనుకోండి, ఎంటనే ఇనపడతాది. మారిన సప్పుడు ఆటలో సప్పుడికి అడ్డొచ్చేత్తాది.”

ఇన్నేళ్లుగా చప్పుడు తగ్గించమన్నవాళ్లే నాకు తెలుసు. చప్పుడు ఒకేలా ఉంచమన్న మనిషి ఇతనే.

రుషికొండ దగ్గర ఒక కాలేజీలో జరిగే గేమింగ్ పోటీ కోసం అతనీ కంప్యూటర్ అడిగాడు. కిందటేడు కూడా వెళ్లాడు. అక్కడి మెషిన్‌లో శబ్దం టీవీ లోంచి మాత్రమే వచ్చేది, రెండు చెవులకూ ఒకేలాగ. ఎదుటివాడు ఎటున్నాడో తెలియక మొదటి ఆటలోనే బయటికి వచ్చేశాడు. ఈ ఏడు బతిమాలితే నిర్వాహకులు ఒప్పుకున్నారు, సొంత మెషిన్ తెచ్చుకోవచ్చని. కాకపోతే ఒక షరతు. ఎదుటివాడు ఆడేది కూడా దాని మీదే కాబట్టి బొమ్మ తడబడకూడదు. ఒక్కసారి ఆగినా నూకరాజు మళ్లీ అందరి మెషిన్ మీదికి, ఆ టీవీ శబ్దానికి పోవలసిందే.

నాకొక ఆలోచన వచ్చింది. “బొమ్మ నాణ్యత బాగా తగ్గించేద్దాం. బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డు పెద్దది అక్కర్లేదు. వేడి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. నీకెలాగూ...” అని ఆగిపోయాను.

“నాకెలాగూ కనపడదు. అనండి, పరవానేదు.” కర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూచున్నాడు. “కార్డు నాకు కాదండి, ఎదుటోడికి. బొమ్మ బాగునేకపోతే ఆడు ఓడిపోయి బొమ్మ మీద నెపం పెడతాడు. పైకి అనకపోయినా లోపల అనుకుంటాడు. అప్పుడు నాను నెగ్గినట్టా? ఆడికి మంచి బొమ్మ ఇవ్వండి. అది సూత్తా ఓడిపోవాల ఆడు.”

ముత్యాలమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. “ఓలమ్మో, ఈడి పొగరు సూడు తల్లీ.”

నాకది పొగరులా వినబడలేదు. తనెన్నడూ చూడబోని బొమ్మ కోసం, ఎవరో తెలియని ఎదుటివాడి కోసం జీతంలో దాచుకున్న సొమ్ము ఖర్చు పెడుతున్నాడు. ఆ కార్డే తెప్పించాను.

షూ డబ్బా కన్నా కాస్త పెద్ద కేసు ఎంచుకున్నాను. అందులో మినీ ఐటీఎక్స్ అనే జానెడు చదరపు మదర్‌బోర్డు పడుతుంది. గ్రాఫిక్స్ కార్డును దాని మీద నిలబెట్టడానికి చోటు చాలదు. రైజర్ కేబుల్ అని పట్టీలాంటి తీగ ఉంటుంది, దాంతో కార్డును మదర్‌బోర్డు వెనకకు తిప్పి, వీపుకు వీపు ఆనించినట్టు పెట్టాను. కేసుకు ఒక పక్క అద్దం తలుపుంది. అదెందుకని అడిగాడు నూకరాజు. లోపలి రంగు లైట్లు కనబడ్డానికన్నాను.

“లైట్లు సూసి ఎదుటోడు మైమరిసిపోయి ఓడిపోతాడంటే ఉంచండి. నేదంటే తీసీండి.”

లైట్లు తీసేశాను. ఇల్లు సముద్రం పక్కనే కనక తుప్పు పట్టని స్టీలు స్క్రూలు వేశాను. హెడ్‌ఫోన్ గుచ్చే చోట ఒక జిగురు చుక్క, ఆడే బొత్తాలుండే కంట్రోలర్ గుచ్చే చోట రెండు చుక్కలు ఆరబెట్టాను, వేలికి తగిలేలాగ. భుజానికి పట్టీ ముత్యాలమ్మ తెచ్చింది. ఆవిడ భర్త వలలు బాగుచేస్తారట, వల తాడుతోనే అల్లి ఇచ్చారు. “సొర పడినా తెగదు తల్లీ, నీ పెట్టె ఏపాటి?” అంది.

ఇక ఫ్యాన్. నేను వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే నూకరాజు వింటూ కూచున్నాడు. ఒకచోట చెయ్యెత్తి, “అక్కడాపండి. ఇది మా సముద్రంలాగే ఉన్నాది. కాసేపటికి మరిసిపోతాను,” అన్నాడు. వేగం అక్కడ కట్టేశాను. అది నాకు కావలసినదానికన్నా తక్కువ. గంటసేపు ఆడించి చూసేసరికి కార్డు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదించింది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. తెర మీద బొమ్మ కుంటింది.

పక్కనే కూచున్న నూకరాజుకు ఆ కుంటడం తెలియలేదు. నేను మాట్లాడకుండా కట్టి ఇచ్చేస్తే ఆ రోజుకు తెలిసేదీ కాదు. కానీ కార్డు ఎవరి కోసం కొన్నాడో నాకు తెలుసు.

“ఇంకా అవలేదు నాయనా, నాలుగు రోజులు ఆగాలి,” అన్నాను.

అద్దం తలుపు కూడా తీసేసి, ఆ చోట చిల్లుల రేకు కోసి బిగించాను, కార్డు నేరుగా బయటి గాలి పీల్చుకునేలా. అంచులు చేతికి గీరుకోకుండా ఆకురాయితో అరగదీశాను. రేకు ఫ్యాన్‌కు మరీ దగ్గరై సన్నగా ఈల వేస్తోందని నూకరాజే పట్టుకున్నాడు. వేలెడు ఎడం ఇస్తే ఈల పోయింది. తరవాత అండర్‌వోల్ట్ చేశాను. కార్డుకు అందే విద్యుత్తును, పని చెడని మేరకు, కొంచెం తగ్గించడం అది. అన్నీ అయ్యాక చివరి పరీక్షకు స్విచ్ వేయబోతూ ఆగాను.

“ఆగిపోయారేటి?”

“దణ్ణం పెట్టుకుంటున్నాను.”

“నా పేరు కూడా సెప్పండక్కా.”

అప్పటిదాకా ‘అండీ’ అన్నవాడు మొదటిసారి ‘అక్కా’ అన్నాడు. చెప్పాను. సాయంత్రం దాకా, గదిలో పంకా ఆపేసి మరీ, ఆ పెట్టెను ఆడించాం. ఫ్యాన్ శబ్దం మారలేదు, బొమ్మ తడబడలేదు. అప్పన్నకు ఆ రోజు మనసారా మొక్కాను.

పోటీ రోజున ముత్యాలమ్మతో పాటు నేనూ వెళ్లాను. హాలు నిండా జనం, ఏసీ ఉన్నా ఉక్కపోత. నూకరాజు భుజాన పెట్టెతో, చేతిలో కర్రతో నడిచి వస్తుంటే కొందరు కుర్రాళ్లు లేచి దారిచ్చారు. వేలితో చుక్కలు తడుముకుని తనే తీగలన్నీ గుచ్చుకున్నాడు. మొదటి ఆట నెగ్గాడు. రెండోదీ నెగ్గాడు. మూడో ఆటకు గాజువాక నుంచి వచ్చిన కార్తీక్ అనే కుర్రాడు ఎదురయ్యాడు. కిందటేడు కప్పు గెలిచినవాడట.

ఇద్దరూ చెరొక రౌండు నెగ్గారు. మిగిలిన ఒక్క రౌండుతో ఆట తేలిపోతుంది. అది సగంలో ఉండగా, వెనక నిలబడ్డవాళ్ల కాలు తగిలి టీవీ ప్లగ్గు ఊడిపోయింది. తెర నల్లబడింది. పెట్టె మాత్రం నడుస్తూనే ఉంది, నూకరాజు చెవుల్లో ఆట సాగుతూనే ఉంది. కార్తీక్ ఏమీ కనబడక బొత్తాలు గుడ్డిగా నొక్కుతున్నాడు. ఇంకో రెండు దెబ్బలు కొడితే చాలు, నూకరాజు గెలిచిపోతాడు.

నూకరాజు కంట్రోలర్ ఒళ్లో పెట్టేసుకున్నాడు.

“ఏటి బావా, దెబ్బ కాసుకోవటం మానేసినావు?” అని హెడ్‌ఫోన్ తీసి పక్కకు వంగాడు.

“స్క్రీన్ పోయింది బ్రో,” అన్నాడు కార్తీక్.

నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు. “బొమ్మ ఆగితే కామన్ మెషిన్ అని ముందే చెప్పాం. రౌండు అక్కడ మళ్లీ ఆడండి,” అన్నాడు. నూకరాజు తీగలు విప్పడానికి చెయ్యి చాచాడు.

కార్తీక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఏటి సార్ మీరు? ఆగింది మీ టీవీ, ఈ పెట్టి కాదు. పైగా ఈయన సెయ్యి తియ్యకపోతే ఈపాటికి నాను ఇంటికి పోయీవోణ్ణి. ఆడితే దీని మీదే ఆడతాను.” నిర్వాహకుడు ఊడిన ప్లగ్గు వైపు ఒకసారి చూసి, ఇద్దరి మొహాలూ చూసి, సరేనన్నాడు.

ఆ రౌండు మళ్లీ మొదలైంది. హాల్లో ఒక్కరూ మాట్లాడలేదు, అతనికి వినబడాలని. చివరికి ఇద్దరిలో ఎవరు ఇంకొక్క దెబ్బ తిన్నా ఓడిపోయేదాకా వచ్చింది. నూకరాజు దూకాడు. కార్తీక్ ఒక్క క్షణం ముందు కొట్టాడు.

నూకరాజు ఓడిపోయాడు. ముత్యాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాను. అతని మొహం వెలిగిపోతోంది.

“పోయినేడు నాను ఓడిపోనేదక్కా. అసలు ఆడనేనేదు. ఇయ్యాల ఓడిపోయాను,” అన్నాడు. ఆ వెంటనే కార్తీక్ వైపు తిరిగి, “బావా, ఉత్తినే ఇంకోటి ఏద్దావేటి?” అన్నాడు. ఆ ఒక్క ఆట నాలుగైంది, వాళ్ల వెనక వరస కట్టి నిలబడ్డవాళ్లతో ఇంకా పెరిగింది. నేనూ ముత్యాలమ్మా గోడవారగా కూచుని చూశాం.

గెలిపించే మెషిన్ కట్టానని చెప్పుకునే భాగ్యం నాకు ఆ రోజు దక్కలేదు. దానికి బదులు ఇంకోటి నేర్చుకున్నాను. అంతవరకూ నా బల్ల ముందుకు ఎవరొచ్చినా, ఇది వాడేది ఎవరు, వాళ్లకేం కావాలి అని అడిగేదాన్ని. ఇప్పుడు దాని తరవాత ఇంకొకటి కూడా అడుగుతున్నాను, పక్కన కూచునేది ఎవరని. కొంతమంది వింతగా చూస్తారు. కొంతమంది ఆలోచించి, తమ్ముడి పేరో భార్య పేరో చెబుతారు. అప్పుడు ఆ పక్కమనిషిని కూడా లెక్కలో వేసుకుని పని మొదలుపెడతాను.