బయటికెళ్ళి మళ్ళీ రండి

కరీముల్లా మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళు మాట సరిగ్గా అనకపోతే చాలు, "బయటికెళ్ళి మళ్ళీ రండి" అంటారు.

బందరులోని ఓ హైస్కూల్లో ఆయన చెక్కపని నేర్పుతారు. నలుగురిలో ఎలా మెలగాలో పిల్లలకు వారానికో పీరియడ్ నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరూ ముందుకు రాకపోతే, హెడ్మిస్ట్రెస్ అరుణకుమారి గారు దాన్ని ఈయనకు అంటగట్టారు. ఆ రోజుతో ఆవిడ మనశ్శాంతి పోయింది.

ఆయన పాఠం చెప్పరు, చేయిస్తారు. పెన్సిల్ అడగడం, కాలు తొక్కితే సారీ చెప్పడం, ఇష్టం లేనిదాన్ని కాదనడం, ఏదైనా సరే కుదిరేదాకా పిల్లల్ని గుమ్మంలోంచి లోపలికీ బయటికీ తిప్పుతూనే ఉంటారు. అడిగితే, "చిత్రిక ఒక్కసారి పడితే చెక్క నునుపవుద్దా అండీ?" అంటారు.

ఓసారి తనిఖీకొచ్చిన అధికారి "ఏంటయ్యా ఈ గోల?" అంటూ ఆ క్లాసులోకి దూసుకొచ్చాడు.

"సార్, బయటికెళ్ళి మళ్ళీ రండి."

వెనకే వచ్చిన అరుణకుమారి గారు తల పట్టుకున్నారు. అధికారి మాత్రం బిత్తరపోయి బయటికెళ్ళి, చొక్కా సర్దుకుని, "నమస్కారమండీ, రావచ్చా?" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అధికారి వెళ్ళాక ఆవిడ విరుచుకుపడ్డారు. "మాస్టారూ, నా ఉద్యోగం ఉంచుతారా, ఊడగొడతారా?"

"ఇదే మాట కాస్త నెమ్మదిగా అడగొచ్చండి మేడం. ఒకసారి బయటికెళ్ళి..."

"నేను వెళ్ళను!"

ఓ శుక్రవారం ప్రార్థన మధ్యలో ఫోను మోగింది, అదీ చిందులేయించే పాటతో. వార్తలు చదవడానికి ముందుకొచ్చి తన పక్కనే నిలబడ్డ పదో తరగతి బ్లెస్సీని అరుణకుమారి గారు స్కూలందరి ముందూ దులిపేశారు. "నాది కాదు మేడం" అన్నా వినలేదు. ఆ పిల్ల బ్యాగు తీసుకుని తన ఊరు మంగినపూడికి ఆటో ఎక్కేసింది.

మధ్యాహ్నం ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి అదే పాట మోగింది. ముందురోజు మనవడు ఆవిడకు చెప్పకుండా రింగ్‌టోన్ మార్చిపెట్టాడు. ఆవిడ చటుక్కున నొక్కేసి, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు బ్లెస్సీ తల్లి కబురంపింది. పిల్ల ఇక బడికి రానంటోంది, సోమవారం నుంచి రొయ్యల షెడ్డులో పనికి పెడతామని.

"మీరెళ్ళి తీసుకురండి మాస్టారూ."

"మీరూ రావాలండి."

సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. గడపలో అడుగు పెడుతూనే అరుణకుమారి గారు, "ఏమ్మా, ఆ మాత్రానికే బడి మానేస్తారా?" అన్నారు.

"మేడం, బయటికెళ్ళి మళ్ళీ రండి."

"ఇక్కడ కూడానా!"

పళ్ళు నూరుకుంటూ, వలలు ఆరేసిన దడి దాకా వెళ్ళొచ్చారు. "సరేలే, ఎవరి ఫోనైతేనేం, అయిందేదో అయింది..."

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"నాకు మోకాళ్ళ నొప్పులు మాస్టారూ!"

"నిదానంగానే వెళ్ళండి."

ఈసారి దడి దగ్గర ఆవిడ చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి గడప బయటే ఆగారు.

"బ్లెస్సీ, ఆ ఫోను నాదమ్మా. తప్పు నాది. లోపలికి రావచ్చా?"

తల్లి గబగబా కుర్చీ తుడిచింది. బ్లెస్సీ కళ్ళు ఇంత చేసుకుని చూసింది. "ఆ పాట మీరు పెట్టుకున్నారా మేడం!" అని నవ్వాపుకోలేక తల్లి కొంగులో మొహం దాచుకుంది. ఆ తర్వాత, "సోమవారం వస్తానండీ" అంది.

తిరుగు ఆటోలో అరుణకుమారి గారికి అనుమానం వచ్చింది. "ఆ ఫోను నాదని మీకు ముందే తెలుసా?"

"ప్రార్థనలో మీ వెనకే నిలబడ్డానండి."

"మరి అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!"

"అంతమంది ముందా మేడం?" అన్నారాయన, వినకూడని మాటేదో విన్నట్టు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నారు. "ఆ పిల్లని నేనన్నదీ అంతమంది ముందే కదా. సోమవారం ప్రార్థనలో నేనే చెప్తాను."

"మంచిదండీ."

ఆటో ఫర్లాంగు దూరం పోయింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఒకసారి ఇక్కడ చెప్పి చూపిస్తారా మేడం? బందరు ఇంకా చాలా దూరముంది."