చిట్టెమ్మ చెప్పిన కామ్‌షాఫ్ట్

2004లో వనపర్తిలో నా మెకానిక్ షెడ్డుకు పెట్రోల్ ఇంజన్ బండ్లు రావడం బాగా తగ్గిపోయింది. అందరూ డీజిల్‌కు మారారు. పాత పెట్రోల్ ఇంజన్ విప్పి బిగించేవాళ్లు చుట్టుపక్కల అరుదు కాబట్టి, మన్ననూర్ నుంచి బాలయ్య తన పికప్‌ను అంతదూరం నడుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. పక్క సీట్లో అతని చెల్లెలు చిట్టెమ్మ ఉంది. ఏదో దవాఖాన పని మీద వచ్చిందట.

బాలయ్య గోనెసంచి విప్పి ఒక కామ్‌షాఫ్ట్ తీశాడు. ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ పోయే, పొగ బయటికి వచ్చే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది ఈ కడ్డీయే. దీని మీద కోడిగుడ్డు ఆకారంలో మిట్టలుంటాయి. వాటిని లోబ్‌లు అంటాం. అతను తెచ్చింది రేసు బండ్ల కోసం చెక్కినది. బెంగళూరులో ఎవరో అమ్మేస్తుంటే కొన్నాడట.

"ఇది ఎక్కియ్యి అన్నా. బండి ఉరకాలె," అన్నాడు.

"ఎక్కడ ఉరికిస్తవు బాలయ్యా? నువ్వు నడిపేది అడవిల గద."

అతను తల వంచుకుని చెప్పాడు. కృష్ణా నది వైపు లోయలో ఉన్న గూడేలకు అతను బియ్యం, ఉప్పు చేరవేస్తాడు. ఎవరికైనా ఆపద వస్తే అదే బండిలో దవాఖానకు తీసుకుపోతాడు. పోయిన వానకాలం చిట్టెమ్మకు పురిటి నొప్పులు వచ్చాయి. లోయ నుంచి ఎక్కే మట్టిబాటలో బండి సాగలేదు. దవాఖాన చేరేసరికి చిట్టెమ్మ మిగిలింది, బిడ్డ మిగల్లేదు.

"జర బిరాన పోయుంటే..." అని ఆగిపోయాడు.

అలాంటి మనిషికి కాదని చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. వాల్వు ఎంత ఎత్తు తెరుచుకుంటుందో దాన్ని లిఫ్ట్ అంటాం. ఎంతసేపు తెరిచి ఉంటుందో అది డ్యూరేషన్. రేసు షాఫ్ట్‌లో డ్యూరేషన్ ఎక్కువ. ఇంజన్ గిర్రున తిరిగేటప్పుడు దానికి బలం వస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం ఊపిరాడనట్టు కొట్టుకుంటుంది. నిలకడగా ఆన్‌లో ఉంచడమే కష్టం. ఇదంతా వివరించాను. బాలయ్య వినలేదు.

"నా బండి, నా ఇష్టం. ఎక్కిస్తవా ఎక్కియ్యవా?"

అప్పుడు బల్ల మీద కూర్చున్న చిట్టెమ్మ నోరు విప్పింది.

"అన్నా, నువ్వు ముంగట కూసున్నవు. ఎనక పండుకున్నది నేను. బండి మెల్లగ పోయిందని కాదు. ఆగి ఆగి పోయింది. ఎక్కుడు కాడ గుంజలేక బంద్ అయితుండె, నువ్వు మళ్ల స్టార్ట్ చేస్తుంటివి, అది ఎగిరి దుంకుతుండె. ఆ దుంకుడుకే నా పానం పోయినంత పనైంది."

బాలయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆ రోజు బండి వెనుక ఏం జరిగిందో ఆమె అప్పటిదాకా అతనికి చెప్పలేదని నాకు అర్థమైంది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మస్తు పరేషాన్‌ల ఉంటివి. ఎట్ల చెప్పాలె?"

ఇక నాకు దారి తెలిసింది. ఈ బండికి కావాల్సింది పరుగు కాదు, తక్కువ వేగంలో ఆగకుండా లాగే బలం. డ్యూరేషన్ తక్కువగా, లిఫ్ట్ కొంచెం ఎక్కువగా ఉండే షాఫ్ట్ కావాలని హైదరాబాద్‌లో గ్రైండింగ్ చేసే మిత్రుడికి చెప్పి చెక్కించాను. షాఫ్ట్ మారిస్తే దానికి ఆనుకుని తిరిగే ట్యాపెట్లు కూడా మార్చాలి, పాతవి ఉంచితే కొత్త లోబ్‌లను తినేస్తాయి. అవీ మార్చాను. కార్బురేటర్ శుభ్రం చేసి, ఇంజన్ టైమింగ్ సరిచూసి, వాళ్లు బండి కోసం మళ్లీ వచ్చినప్పుడు నేనూ వాళ్లతో మన్ననూర్ వెళ్లాను.

లోయలోకి దిగి, బరువుతో ఎక్కుతుందో లేదో చూడటానికి బియ్యం బస్తాలు దించకుండానే వెనక్కి తిరిగాం. చిట్టెమ్మ పట్టుబట్టి వెనుకే కూర్చుంది. ఎక్కుడు మొదలైంది. బాలయ్య సెకండ్ గేర్‌లో, నడిచే మనిషి కంటే కాస్త వేగంగా పోనిచ్చాడు. రాళ్లు తేలిన మలుపులో అతని చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. బండి గొంతు కాస్త లోతుగా మారింది తప్ప ఆగలేదు. ఒకే ఊపులో పైకి చేరింది.

పైన బాలయ్య ఇంజన్ ఆపి దిగి, నా వైపు తిరిగాడు.

"గీ షాఫ్ట్ అప్పుడే ఉంటే పిల్ల బతుకుతుండెనా అన్నా?"

బతికేదని చెబితే జీవితమంతా అతన్ని అది తినేస్తుంది. బతికేది కాదని చెప్పడానికి నాకేం తెలుసు?

"నాకు తెల్వదు బాలయ్యా. ఇంజన్ సంగతే తెలుసు," అన్నాను.

చిట్టెమ్మ బస్తాల మీద నుంచి దిగి వచ్చి అతని భుజం పట్టుకుంది. "ఆ దినం నువ్వు బండి ఇడిసిపెట్టి ఉరికిపోలే. అందుకే నేనున్న. ఇగ పోదాం పా," అంది. బాలయ్య కండువాతో ముఖం తుడుచుకుని బండెక్కాడు.

ఆ తర్వాత ఎవరు ఇంజన్‌కు బలం కావాలని వచ్చినా, నడిపేవాడి మాట ఒక్కటే విని షాఫ్ట్ ఎంచలేదు. బండి ఎక్కడ తిరుగుతుందో అడుగుతాను. వెనుక ఎవరు కూర్చుంటారో అడిగి, వీలైతే వాళ్లనూ ఒకసారి షెడ్డుకు రమ్మంటాను.